ముఖం చెప్పేదెంత, మనం ఊహించేదెంత

మనిషిని చూడగానే సంగతి తెలిసిపోతుందని మన దగ్గర చాలామంది గట్టిగా నమ్ముతారు. పెళ్ళిచూపుల్లో, షాపులో పనికి మనిషిని పెట్టుకునేటప్పుడు, బ్యాంకు కౌంటర్లో, ఆసుపత్రి ఓపీలో, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు పని చేసేది ఈ నమ్మకమే. ఇందులో నిజమెంతో తెలుసుకోవాలంటే ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కనిగిరి ప్రాంతానికి వెళ్ళాలి. అక్కడ పళ్ళు చూసి శుభ్రత గురించి, నడుము చూసి వయసు గురించి బయటివాళ్ళు వేసే లెక్క తరచూ తప్పుతుంది. అది ఎందుకు తప్పుతుందో అర్థమైతే మిగతా చోట్ల మన అంచనాల సంగతీ అర్థమవుతుంది.

కనిగిరి, పామూరు, పొదిలి, మర్రిపూడి వైపు ఊళ్ళలో పళ్ళ మీద తెల్లటి మచ్చలో గోధుమరంగు చారలో ఉన్నవాళ్ళు చాలామంది కనబడతారు. గార పళ్ళు అంటారు. చదువుకో ఉద్యోగానికో బయటి ఊళ్ళకు వెళ్ళాక ఇలాంటి పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటు చేసుకుంటారు. ఎందుకంటే ఎదుటివాళ్ళు ముందు అనుకునే మాట "పళ్ళు తోమడు". ఆ తర్వాతి మాట "గుట్కా నములుతాడు".

అసలు కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్. శాశ్వత దంతాల మీది ఎనామిల్ పొర చిగుళ్ళ లోపల తయారవుతుంది. జ్ఞానదంతాలు మినహాయిస్తే ఆ పని దాదాపు 8 ఏళ్ళ వయసుకల్లా పూర్తవుతుంది. ఆలోగా తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ సరిగా గట్టిపడదు. కంటికి కనబడని రంధ్రాలు మిగిలిపోతాయి. పళ్ళు బయటికొచ్చాక వాటిలోకి రంగు చేరుతుంది. ఒకసారి ఎనామిల్ తయారయ్యాక అవే నీళ్ళు ఎన్నేళ్ళు తాగినా కొత్తగా ఈ మచ్చలు రావు. అంటే పాతికేళ్ళ యువకుడి గార పళ్ళను బట్టి తెలిసేది, అతను రెండో తరగతి దాటక ముందు ఎలాంటి నీళ్ళు తాగాడన్నది మాత్రమే. అతని శుభ్రత గురించి, అలవాట్ల గురించి, తెలివి గురించి ఆ పళ్ళు ఏమీ చెప్పవు. ఎంత ఖరీదైన పేస్టుతో తోమినా ఆ రంగు పోదు.

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. ఈ మెట్టలో నేల కింద ఉన్నది గట్టి రాయి. వానలు తక్కువ. రాతి పగుళ్ళలో నీళ్ళు ఏళ్ళ తరబడి నిలిచి, ఖనిజాల్లోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. ఫ్లోరైడ్ వల్ల పళ్ళకూ ఎముకలకూ వచ్చే ఈ జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. దేశంలో దాన్ని మొట్టమొదట వైద్యపరంగా నమోదు చేసింది కూడా ఈ వైపే. 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా రోగుల గురించి రాశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఇంత కాలం గడిచాక కూడా గార పళ్ళను మనిషి తప్పుగా చూసేవాళ్ళు ఉన్నారంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

పళ్ళతో ఆగితే కొంత నయం. అవే నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతుంది. ఎముకలను పట్టి ఉంచే స్నాయువుల్లో కాల్షియం పేరుకుంటుంది. మెడ, వెన్నెముక బిగుసుకుపోతాయి. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. వంగలేరు, వంగితే లేవలేరు. మొదట్లో కీళ్ళనొప్పుల్లాగే ఉంటుంది కాబట్టి వాతమనుకుని మాత్రలు మింగుతూ గడిపేస్తారు. నలభై, నలభై అయిదేళ్ళకే కర్ర పట్టుకుంటే చూసేవాళ్ళు "తాతా" అని పిలుస్తారు. ఎండలో ఒళ్ళు వంచి పని చేసేవాళ్ళకు దాహం ఎక్కువ, తాగే నీళ్ళూ ఎక్కువ, ఆ నీళ్ళతో పాటు లోపలికి పోయే ఫ్లోరైడూ ఎక్కువే. తిండిలో కాల్షియం తక్కువైతే నష్టం ఇంకా పెరుగుతుంది. ఎక్కువ కష్టపడి తక్కువ తినే మనిషి ముందు ముసలివాడవుతాడన్నమాట. ఆ మనిషినే మనం "పని చేతకాదు" అని పక్కన పెడతాం.

వయసును చూపుతో కొలవడంలో ఉన్న చిక్కు కనిగిరితో అయిపోదు. చర్మం ముడతలు పడడంలో వయసుకెంత వాటా ఉందో ఎండకూ అంత పెద్ద వాటానే ఉంది. 2012లో ఒక ప్రసిద్ధ అమెరికా వైద్య పత్రిక 69 ఏళ్ళ ట్రక్కు డ్రైవరు ఫోటో వేసింది. ఆయన 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపాడు. అక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమ వైపు, కిటికీ అద్దంలోంచి ఎండ పడేది ముఖానికి ఎడమ వైపు. ఆయన ముఖంలో కుడి సగం వయసుకు తగ్గట్టు ఉంటే, ఎడమ సగం ఎన్నో ఏళ్ళు ముదిరిపోయినట్టు మందంగా, ముడతలతో ఉంది. ఒకే మనిషి, ఒకే ముఖం. ఇస్కపల్లి ఉప్పు మళ్ళలో పని చేసే ఆడమనిషికీ, నెల్లూరులో ఏసీ గదిలో కూర్చుని పని చేసే ఆమె ఈడు మనిషికీ ముఖాల్లో కనబడే తేడా వయసుది కాదని అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క ఫోటో చాలు.

ఇంత తేలిగ్గా తప్పే అంచనాను మనం అంత గట్టిగా ఎందుకు నమ్ముతాం? దీని మీద మంచి పరిశోధనే ఉంది. 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ కొందరికి తెలియని మనుషుల ముఖాలను సెకనులో పదో వంతు మాత్రమే చూపించి, వాళ్ళు నమ్మదగినవాళ్ళా, సమర్థులా అని అడిగారు. అంత తక్కువ సమయంలో వచ్చిన జవాబులు, ఎంతసేపైనా చూడనిచ్చినప్పుడు వచ్చిన జవాబులతో బాగా కలిశాయి. సమయం పెంచితే అభిప్రాయం పెద్దగా మారలేదు, ఆ అభిప్రాయం మీద నమ్మకం మాత్రం పెరిగింది. మన ఇబ్బంది మొత్తం ఇక్కడే ఉంది. ఎక్కువసేపు చూస్తే సరిగ్గా తెలుస్తుందని అనుకుంటాం. నిజానికి ఆ అదనపు సమయంలో మనం చేసేది, మొదటి క్షణంలో అనుకున్నదాన్ని గట్టిచేసుకోవడమే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇలాంటి విషయాల్లో మనుషుల అభిప్రాయాలు ఒకరివొకరివి బాగా కలుస్తాయి. పదిమందికి ఒక ముఖం చూపిస్తే చాలామంది ఒకే మాట అంటారు. దాంతో "నాకొక్కడికే కాదు, అందరికీ అలాగే అనిపించింది" అని ధైర్యం వస్తుంది. కానీ అందరూ ఒకేలా అనుకోవడానికి కారణం అందరిలోనూ ఒకే అలవాటు ఉండడం. అది నిజమనడానికి సాక్ష్యం కాదు. గుండ్రటి ముఖం, పెద్ద కళ్ళు ఉన్నవాణ్ణి అమాయకుడనుకుంటాం. ముఖం పసిపిల్లల ముఖాన్ని పోలి ఉండడమే దానికి కారణం. ఆ మనిషి స్వభావంతో దానికి సంబంధం లేదు.

దీనికి తోడు, ఒక మంచి గుణం కనబడితే మిగతావన్నీ మంచివే అనుకోవడం ఇంకో అలవాటు. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే దీన్ని చూపించాడు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్ళకు వేసిన మార్కుల్లో దేహదారుఢ్యానికీ, తెలివికీ, నాయకత్వానికీ, నడవడికకూ వేసినవి అనుమానం వచ్చేంతగా ఒకదానితో ఒకటి కలిశాయి. నిటారుగా, ఠీవిగా నిలబడ్డవాడు తెలివైనవాడు కూడా అయిపోయాడు. మన పెళ్ళిళ్ళలో "అబ్బాయి చూడ్డానికి బాగున్నాడు, మంచివాడిలాగే ఉన్నాడు" అని ఒకే ఊపిరిలో అనేస్తాం. మొదటి సగం కంటికి కనబడింది, రెండో సగం మనం కలుపుకున్నది.

ఇక వయసు సంగతి. వయసంటే ఒక అంకె, అదైనా ఖచ్చితమే కదా అనిపిస్తుంది. మన పల్లెల్లో అదీ అంత ఖచ్చితం కాదు. పాత తరంలో చాలామందికి పుట్టినరోజు అంటే బడిలో చేర్చిననాడు పంతులుగారు రాసుకున్న తేదీ. బడికి పోనివాళ్ళకు అదీ లేదు. "ఫలానా తుఫాను నాటికి నడుస్తుండేవాణ్ణి" అన్నది వాళ్ళ లెక్క. ఆ తరంలో ఎంతోమందికి ఆధార్‌లో ఎక్కింది నోటిమాటగా చెప్పిన వయసే. ఆధార్‌ను పుట్టినతేదీకి రుజువుగా తీసుకోకూడదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పి, బడి సర్టిఫికెట్లోని తేదీని తీసుకుంది.

అంకె సరైనదే అయినా దాని అర్థం అందరికీ ఒకటి కాదు. ఈ విషయాన్ని మన పింఛన్ నిబంధనలు ఒప్పుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్ళు నిండాలి. గిరిజనులకు, చేనేత కార్మికులకు, మత్స్యకారులకు, గీత కార్మికులకు 50 చాలు. చెప్పులు కుట్టేవాళ్ళకు 40కే ఇస్తారు. పాటూరులో మగ్గం గుంటలో కూర్చునే నేతగాడికీ, ముత్తుకూరు వైపు వేటకు పోయే మత్స్యకారుడికీ, యానాది కాలనీలోని అవ్వకూ వయసు పైబడడం ముందే మొదలవుతుందని ప్రభుత్వమే రాసిపెట్టిన కాగితం అది. ఒకే అంకెతో అందరినీ కొలవలేమని తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు కనబడలేదు. అయితే ఇదే వ్యవస్థలో వేలిముద్ర పడక తిప్పలు పడేదీ వీళ్ళే. పొగాకు గ్రేడింగుల్లో, గ్రానైట్ క్వారీల్లో, పొలాల్లో అరిగిపోయిన వేళ్ళను మిషను గుర్తుపట్టదు.

వయసు చూసి వేసే లెక్క అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆసుపత్రిలో. డెబ్బై దాటిన మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే ఇంట్లోవాళ్ళు "వయసైపోయింది కదా, మతి తప్పుతోంది" అంటారు. కొన్నిసార్లు డాక్టర్లూ ఆ మాట దగ్గరే ఆగిపోతారు. కానీ రెండు మూడు రోజుల్లో వచ్చిన గందరగోళానికి కారణం రక్తంలో సోడియం పడిపోవడం కావచ్చు. కొన్ని రకాల బీపీ మాత్రలతో పెద్దవాళ్ళలో ఇది జరుగుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. నెమ్మదిగా వచ్చే మతిమరుపు వెనక థైరాయిడ్ తగ్గడమో, బీ12 లోపమో ఉండొచ్చు. ఇవన్నీ రక్తపరీక్షతో, మూత్రపరీక్షతో తెలిసేవి, వైద్యంతో చాలావరకు తగ్గేవి. చెవులు సరిగా వినబడక పొంతన లేని జవాబిచ్చే పెద్దాయన్ని చాదస్తం కింద జమకట్టడం కూడా రోజూ జరిగేదే. పెద్దామె బల్ల మీద కూర్చుని ఉండగానే "అమ్మకు ఎక్కడ నొప్పి?" అని కొడుకును అడుగుతారు. నొప్పి ఆమెది, నోరు కూడా ఆమెకుంది.

ఈ లెక్క కుర్రవాళ్ళ విషయంలో తిరగబడుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళవాడు ఛాతీ పట్టేసిందంటే "ఈ వయసులో గుండె ఏంది నాయనా, గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగిస్తారు. దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53 అనీ, మిగతా దేశాల వాళ్ళకు దాదాపు 59 అనీ 2007లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. ఆత్మకూరు ఎమ్మెల్యే, అప్పటి మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరిలో 50 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయినప్పుడు నెల్లూరు జిల్లా అంతా నమ్మలేకపోయింది. వ్యాయామం చేసే మనిషి, దృఢంగా కనబడే మనిషి. బయటికి కనబడే దృఢత్వాన్ని బట్టి లోపలి రక్తనాళాల సంగతి చెప్పలేం.

పని దగ్గరా యువతకు ఇదే ఎదురవుతుంది. సచివాలయంలో పాతికేళ్ళ వ్యవసాయ సహాయకురాలు మందు మోతాదు చెబితే "పిల్లకేం తెలుసు" అనుకుని, నెరిసిన జుట్టున్న పురుగుమందుల దుకాణదారు మాట వినే రైతులు ఉన్నారు. ఆమె చదివింది ఆ సబ్జెక్టే. ఆయనకు ఏ మందు అమ్మితే లాభమో బాగా తెలుసు.

మన గురించి మనం వేసుకునే లెక్క ఇంకా లోతుగా దెబ్బతీస్తుంది. బెక్కా లెవీ అనే పరిశోధకురాలు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలోని ఒక పట్టణంలో 50 ఏళ్ళు దాటిన 660 మందిని వాళ్ళ ముసలితనం గురించి ఏమనుకుంటున్నారో అడిగి, తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా గమనించిన సమాచారం అది. మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే సగటున ఏడున్నర ఏళ్ళు ఎక్కువ బతికారు. ఆదాయం, ఆరోగ్యం లాంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. "ఇంకేముందిలే, కాటికి కాళ్ళు చాచాం" అని ఇంట్లో పదేపదే వినబడే మాటకు ఎంత ఖరీదు పడుతుందో ఆలోచించండి. వృద్ధుల మీద ఇలాంటి చిన్నచూపు ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పింది.

ఇలాంటి చర్చలో ఎవరో ఒకరు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు తెస్తారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 81 నిండాయి. గొప్ప విషయమే. కానీ ఈ ఉదాహరణతో ఒక ఇబ్బంది ఉంది. "ఈ వయసులో కూడా" అని పొగిడినప్పుడు, మిగతావాళ్ళు ఈ వయసుకు పనికిరారన్న లెక్క చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. అసాధారణమైన మనిషి కాని మామూలు పెద్దాయన మాట కూడా పూర్తిగా వినాలి కదా.

బట్టలు, వాలకం చూసి వేసే అంచనాకు నెల్లూరు నేర్పే పాఠం పొట్టి శ్రీరాములు గారిది. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న చనిపోయారని అందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన నెల్లూరులో గడిపిన రోజులు అంతగా తెలియవు. చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, మండే ఎండలో, హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని వీధుల్లో తిరిగేవారు. చూసినవాళ్ళలో చాలామంది పిచ్చివాడనుకున్నారు. ఆ మనిషి బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి రైల్వేలో ఉద్యోగం చేసినవారు. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో ఉపవాసం చేసి సాధించినవారు. ఈ రోజు జిల్లా పేరులోనే ఆయన పేరుంది. అప్పుడు ఆయన్ని దాటుకుంటూ పోయినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చెప్పులు లేని కాళ్ళు చూశారు, అట్ట మీద రాసింది చదవలేదు.

ఒక్క మనిషి మీద వేసే అంచనా తప్పితే ఒక్కరికి నష్టం. అదే అంచనా చట్టమైతే జాతి మొత్తానికి నష్టం. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశాక, కావలిలో ఎరుకల వాళ్ళ కోసం సెటిల్‌మెంటు నడిపారు. ఏ నేరమూ చేయని మనిషి కూడా ఫలానా తెగలో పుట్టినందుకు అధికారుల దగ్గర హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఊళ్ళో దొంగతనం జరిగితే ఎవరి గుడిసెల వైపు ముందు చూపు పోతుందో గమనిస్తే, చూపులోంచి ఆ చట్టం ఇంకా పోలేదని తెలుస్తుంది.

మరి ఇప్పటి చట్టం ఏమంటుంది? రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు ఆధారంగా వివక్ష కూడదంటుంది. దుకాణాల్లోకి, హోటళ్ళలోకి రానివ్వకపోవడాన్నీ అదే నిషేధిస్తుంది. ఆ వరుసలో వయసు లేదు, రూపం లేదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం తిండి, నీడ, ఆస్తి గురించి చెబుతుంది. పెద్దవాళ్ళను పని దగ్గరో కౌంటర్ దగ్గరో తక్కువ చేసి చూడడం దాని పరిధిలోకి రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాత్రం ఒక ముందడుగు వేసింది. యాసిడ్ దాడి బాధితులను, కుష్ఠు నయమైనవాళ్ళను, మరుగుజ్జుతనం ఉన్నవాళ్ళను 21 రకాల వైకల్యాల్లో చేర్చి, వివక్ష కూడదంది. గార పళ్ళకు, మచ్చల ముఖానికి, లావుకు, నల్లటి రంగుకు అలాంటి రక్షణేమీ లేదు. అందుకే "25 లోపు వయసు, చూడడానికి బాగుండాలి" అని ప్రైవేటు దుకాణం బోర్డు పెట్టినా అడిగేవాళ్ళు లేరు.

సెకనులో పదో వంతులో కలిగే అభిప్రాయాన్ని ఎవరూ ఆపలేరు. నేను ఎవరినీ ముఖం చూసి అంచనా వేయనని అనేవాళ్ళ మాట నేను నమ్మను. ఆపగలిగేది ఆ తర్వాతి అడుగును. అంచనా నిర్ణయంగా మారే చోట ఒక ప్రశ్నో ఒక పరీక్షో అడ్డం పెట్టాలి. ఇంటర్వ్యూలో అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ఒక్కో జవాబుకు అప్పటికప్పుడే మార్కులు వేస్తే ముఖం ప్రభావం బాగా తగ్గుతుందని ఉద్యోగ నియామకాల మీద పరిశోధనలు చెబుతున్నాయి. డాక్టరు గదిలో మొదటి ప్రశ్న రోగినే అడగాలి. వినబడకపోతే గట్టిగా అడగాలి, ఆ తర్వాతే కొడుకును. కొత్తగా మొదలైన గందరగోళమైతే "ఎప్పటి నుంచి?" అని తప్పకుండా అడగాలి. బ్యాంకులో ముసలామె ఫారం పట్టుకుని నిలబడితే కాగితం లాక్కుని నింపేయకుండా "అమ్మా, మీరే రాస్తారా, నన్ను రాయమంటారా?" అనాలి. దుకాణంలో పనికి వచ్చిన నలభై అయిదేళ్ళ మనిషిని తీసుకోవాలా వద్దా అని సందేహముంటే ఒక రోజు కూలి ఇచ్చి పని చేయించి చూడాలి. సరుకు కట్టడం, లెక్క చెప్పడం, వచ్చినవాళ్ళతో మాట్లాడడం వచ్చో రాదో సాయంత్రానికి తేలుతుంది.